బడికి బీగం వేసింది సమ్మె కాదు

గడచిన ఆగస్టు 29న మా హోసూరు వైపు ఒక ఊరిలో తెలుగు నుడి దినం జరుపుకొన్నాము. గిడుగువారి పటానికి పూలదండ వేశారు, పిల్లలు పద్యాలు చదివారు, పెద్దలు ఎప్పటిలాగే ఆవేదన వెళ్లబోసుకున్నారు. చివర ఒక పెద్దమనిషి లేచి తీర్మానం వంటి మాట ఒకటి సభ ముందు పెట్టారు. తెలుగు మాధ్యమం బడుల్లో పనిచేసే అయివార్లు జీతాలకోసం, పింఛన్లకోసం జరిగే సమ్మెల్లోకి దిగరాదట. తక్కిన ఉపాధ్యాయులకు అది ఉద్యోగమట, మనవారికి మాత్రం నుడిసేవ అట. ఉన్న నాలుగు బడులూ నాలుగు రోజులు మూతపడితే పిల్లలు ఇంగ్లీషు బడులకు జారిపోతారనీ, ఆ పాపం సమ్మె చేసినవారిదేననీ ఆయన వాదం. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. అట్లని లేచి కాదననూ లేదు. ఎందుకంటే ఆ మాటను 2003లో నేనే అన్నాను. అన్నది చాలక పాటించాను కూడా. పాటించి ఏమి సాధించానో నలుగురిలో చెప్పుకోవడానికి నాకు నోరు పెగలలేదు. ఆ పని ఇప్పుడీ వ్యాసంలో చేస్తున్నాను.

తమిళనాట జరిగిన 2003 సమ్మె సంగతి తక్కిన రాష్ట్రాల పాఠకులు మరచిపోయి ఉండవచ్చు. పింఛనులోనూ ఇతర ప్రయోజనాలలోనూ పెట్టిన కోతలను నిరసిస్తూ ప్రభుత్వోద్యోగులూ ఉపాధ్యాయులూ జూలై 2న సమ్మెకు దిగారు. 2002లో తెచ్చిన అత్యవసర సేవల నిర్వహణ చట్టానికి ఆర్డినెన్సుతో మరింత పదును పెట్టి, రాష్ట్ర ప్రభుత్వం లక్షా డెబ్బై వేలమందికి పైగా ఉద్యోగులను విచారణ అన్న మాటే లేకుండా తొలగించింది. స్వతంత్ర భారతంలో ఒక్క దెబ్బతో అంతమంది పొట్టకొట్టిన మరొక ఉదాహరణ నా ఎరుకలో లేదు. సుప్రీంకోర్టు కలుగజేసుకున్నాక ఆ నెలాఖరుకు చాలామంది తిరిగి చేరారు. అయితే క్షమాపణ రాసి, ఇకమీదట సమ్మె చేయబోమని హామీ ఇచ్చి చేరారు. ఆగస్టు 6న అదే న్యాయస్థానం రంగరాజన్ దావాలో తీర్పు చెబుతూ, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు ప్రాథమికంగా గానీ చట్టపరంగా గానీ నైతికంగా గానీ లేదని తేల్చింది. చట్టం లేదన్నప్పుడు లేదనే అనుకుందాం. నైతికం కాదని చెప్పే అధికారం న్యాయమూర్తులకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు నేటికీ అంతుపట్టదు.

అప్పుడు మా బడిలో తెలుగు చదువు చెప్పేవారం ముగ్గురం. నాకన్నా ఏడేండ్లు పెద్దవారైన ప్రధానోపాధ్యాయులు, నేను, ఈడులో చిన్నదైన ఒక టీచరమ్మ. వారిద్దరూ సమ్మెకు దిగారు. నేను దిగలేదు. భయపడి కాదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. జూన్‌లో బడులు తెరిచి నెల కూడా కాలేదు, ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఇంకా కుదురుకోలేదు, ఇప్పుడు బడి మూస్తే తెలుగు పోతుంది అనుకున్నాను. రోజూ పొద్దున్నే వెళ్లి బీగం తీశాను. రిజిస్టరులో సంతకం చేశాను. అరవై నాలుగుమంది పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి, అయిదు తరగతులకూ నేనొక్కడినే అక్షరాలూ లెక్కలూ చెప్పాను. ఊరివారు మెచ్చుకున్నారు. పై అధికారి ఒకరు వచ్చి భుజం తట్టారు. ఆ తట్టు ఎంత తియ్యగా ఉండిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

తిరిగి వచ్చినవారిద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. పెద్దాయన తన కుర్చీలో కూర్చుని, నేను ఒంటరిగా నడిపిన రోజుల హాజరు పట్టీ తిరగేసి, "పిల్లోళ్లు బాగానే వచ్చినారే" అన్నారు. అంతే.

ఆ తరువాత మా బడికి ఏమి జరిగింది? ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. పెద్దాయన 2007లో పదవీ విరమణ చేశారు. ఆ ఖాళీ నిండలేదు. 2010లో టీచరమ్మకు బదిలీ అయింది. ఆ ఖాళీ కూడా నిండలేదు. నేను అర్జీలు పెట్టుకున్నాను. తెలుగు మాధ్యమంలో శిక్షణ పొందినవారు దొరకడం లేదని ఒకసారి, ఈ పోస్టు ఫలానా వర్గానికి కేటాయించినది, ఆ వర్గంలో తెలుగు చదివినవారు లేరని మరోసారి, పిల్లలు తగ్గారు గనుక అవసరం లేదని ఇంకోసారి జవాబు వచ్చింది. మూడూ ఒకే పోస్టు గురించి. పిల్లలు ఎందుకు తగ్గారంటే అయివార్లు లేక. అయివార్లను ఎందుకు వేయరంటే పిల్లలు తగ్గి. ఈ గానుగ చుట్టూ తిరిగి తిరిగి 2014లో నేను దిగిపోయేనాటికి బడిలో పంతొమ్మిదిమంది మిగిలారు. ఆ ఏడేండ్లలో మా ఊళ్లో ఒక్క రోజు సమ్మె జరగలేదు. బడికి మెల్లమెల్లగా బీగం పడింది సమ్మె లేని రోజుల్లోనే.

సభలో చప్పట్లు కొట్టిన మిత్రులను అడుగుతున్నాను. నేను సమ్మె విరిచి కాపాడిన నుడి ఎక్కడ? నన్ను భుజం తట్టినవారు ఆ మూడు జవాబులూ వస్తున్న వేళ ఎక్కడికి పోయారు? నుడిసేవకుడని పొగిడించుకున్నవాడికి పొగడ్త తప్ప ఏమీ రాదు. అతడు కాదనడని అందరికీ తెలుసు. కాదనలేనివాడి అర్జీ బల్ల అడుగుకే పోతుంది.

"సేవ" అన్న మాట దగ్గర కొంచెం నిలవాలి. గిడుగు రామమూర్తిగారిని చూపి మన అయివార్లకు త్యాగం బోధించడం మన సభల్లో అలవాటుగా మారింది. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆ ఊరు 1936లో ఒడిషా రాష్ట్రంలో కలిసిననాడు ఆయన దాన్ని విడిచి రాజమహేంద్రవరం తరలిపోయారు. అంటే మనవంటి ఊరి మనిషే. సవర పిల్లలకు వాళ్ల నుడిలోనే చదువు చెప్పించాలని ఆయన సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ బడుల్లో చెప్పే అయివార్లకు ఆయనే జీతాలు ఇచ్చారన్న సంగతి మాత్రం దండ వేసేవారు దాటేస్తారు. తన కష్టాన్ని ఆయన ఉచితంగా ఇచ్చి ఉండవచ్చు. పక్కవాడి కష్టాన్ని ఉచితంగా అడగలేదు. సవర నుడి బతకాలంటే సవర నుడిలో చెప్పే మనిషి ఇంట్లో పొయ్యి వెలగాలని ఆయనకు తెలుసు. మనకెందుకు తెలియదు?

తెలియకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని లెక్క వేసి చూడండి. తమిళనాట 2004 ప్రాంతంలో కొత్తగా చేరిన ప్రాథమికోపాధ్యాయులకు నెలకు 3,000 రూపాయల గంపగుత్త జీతం ఇచ్చారు. 2006 జూన్ 1 నుంచి గానీ వారు వేతన శ్రేణిలోకి రాలేదు. ఆపైన ఇంకొక చోద్యం వచ్చింది. 2009 మే 31 లోగా చేరిన ప్రాథమికోపాధ్యాయుడికి మూల వేతనం 8,370 రూపాయలుగా, ఆ మరునాడు చేరినవాడికి 5,200గా నిర్ణయమైంది. ఒకే చదువు, ఒకే పని, ఒకే నల్లబల్ల. ఒక్క రోజు తేడాకు నెలనెలా 3,170 రూపాయల కోత. ఈ అన్యాయాన్ని సరిదిద్దమని ఆ ఉపాధ్యాయులు చెన్నైలో 2018లోనూ 2023లోనూ నిరాహార దీక్షలకు కూర్చున్నారు. ఇక 2003 ఏప్రిల్ 1 నుంచి చేరినవారికి పాత పింఛను లేకుండా పోయిన సంగతి సరేసరి.

ఈ కోతలు తమిళ అయివారికీ తెలుగు అయివారికీ సమానమే కదా, ఇందులో నుడి ప్రస్తావన ఎందుకు అని అడుగుతారు. కోత సమానమే, దెబ్బ సమానం కాదు. తమిళ మాధ్యమంలో ఒకడు ఈ జీతం నాకొద్దని పోతే వెనుక వందమంది వరుసలో ఉన్నారు. మన వరుసలో ఎందరున్నారు? పన్నెండో తరగతి దాకా తెలుగులో చదివి, తెలుగులో శిక్షణ పొంది, అర్హత పరీక్షలో నెగ్గి, మన పల్లెకు వచ్చి చెప్పగల యువకుణ్ణి వేళ్ల మీద లెక్కించవలసిందే. అతడికి హోసూరు సిప్కాట్ కర్మాగారాలు కూతవేటు దూరంలో ఉన్నాయి, బెంగుళూరు గంట దూరంలో ఉంది. నా దగ్గర చదువుకుని, నాలాగే అయివారు కావాలనుకున్న ఒక కుర్రవాడు గంపగుత్త జీతం సంగతి విని కర్మాగారంలో చేరాడు. నేను తప్పు పట్టలేకపోయాను. తెలుగు చెప్పగలవాడు ఒక్కడు తప్పుకుంటే మనకు పోయేది ఒక ఉద్యోగి కాదు, ఒక బడి. కాబట్టి జీతం పోరాటం మన నుడి పోరాటానికి అడ్డు కాదు, అందులో మొదటి పేరా.

ఇంతమాత్రాన అటువైపు వాదంలో పస లేదనను. ఉంది. నేను దాన్ని నమ్మి నడిచినవాణ్ణి. తమిళ బడి తొమ్మిది రోజులు మూస్తే పదో రోజు మళ్లీ తెరుస్తుంది, పిల్లలు వస్తారు. మన బడి నిలవడం పిల్లల తలకాయల లెక్క మీద ఆధారపడి ఉంది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న సూత్రం ప్రకారం బడిలో మొత్తం నలభైమంది గానీ, ఒక తరగతిలో పదిమంది గానీ ఆ నుడి పిల్లలు ఉంటేనే ఆ నుడిలో చెప్పే అయివారిని వేయాలి. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ అధికరణం తల్లినుడిలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయమని రాష్ట్రాలకు చెప్పింది గానీ, ఆచరణలో ఏ అధికారీ అధికరణం తిరగేయడు, హాజరు పట్టీయే తిరగేస్తాడు. నలభై ముప్పైతొమ్మిది అయిందా అని చూస్తాడు. పసుపు రంగు బస్సు గడప ముందుకు వచ్చి నిలిచే ఊళ్లో వారం రోజులు బడి మూసి, పిల్లలు ఎక్కడికీ పోరులే అనుకోవడం కూడా అమాయకత్వమే. "మీరు బీగమేస్తే మా పిల్లోడు వీధుల్లో తిరగాల్నా అయివారూ?" అని అడిగిన తల్లికి సంఘం కరపత్రం చూపితే సరిపోదు.

ఆ తల్లికి ఏమి జవాబు చెప్పాలో 2019లో తెలిసింది. ఆ ఏడాది జనవరి 22న ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాల ఐక్యవేదిక జాక్టో-జియో పిలుపుతో సమ్మె మొదలై 30వ తేదీన ముగిసింది. పాత పింఛను, వేతన వ్యత్యాసం, చిన్న బడుల విలీనం అందులోని ముఖ్యాంశాలు. మా పక్క ఊరి తెలుగు బడిలో ఉన్న ఒక్కగానొక్క అయివారు సమ్మెకు దిగుతూ నా దగ్గరికి వచ్చి, ఏమి చేయమంటారన్నాడు. దిగమన్నాను. అప్పటికి ఉద్యోగాలు ముగించుకున్న మేము ముగ్గురం ఆ ఊరి భజన గుడిలో రోజూ పిల్లలను కూర్చోబెట్టుకున్నాము. బడి గడప తొక్కలేదు, రిజిస్టరు తాకలేదు, పాఠం నడిచిందని ఏ కాగితంలోనూ రానీయలేదు. ప్రభుత్వం లెక్కలో బడి మూతబడే ఉంది, సమ్మె సమ్మెగానే ఉంది. పిల్లలకు మాత్రం ఎక్కాలు ఆగలేదు. తల్లిదండ్రులను మొదటి రోజే పిలిచి, ఈ అయివారు దేనికోసం చెన్నైకి పోతున్నాడో వాళ్ల నుడిలో చెప్పాము. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క పిల్లవాడూ బడి మారలేదు. ఇది సమ్మె విరవడమే కదా అని తరువాత ఒకరు ఎత్తిపొడిచారు. సమ్మె విరవడం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇది అది కాదు.

కాబట్టి సమ్మెకు పోవద్దని అయివారికి నీతులు చెప్పే తెలుగు సంఘాలకు నేను చెప్పేది ఒకటే. అతడు పోయిన రోజుల్లో పిల్లలకు మీరేమి చేస్తారు? నుడి దినానికి పందిరి వేయగలవారు పది రోజులు పిల్లలకు నీడ చూపలేరా?

ఇప్పుడు రెండో వైపు తిరుగుతాను. ఉపాధ్యాయ సంఘాల మీద నా కోపం చిన్నది కాదు. ఒకసారి, నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే, మా వైపు ఒక సంఘం కార్యాలయానికి పోయి, కోరికల పట్టీలో ఒక వాక్యం చేర్చమని అడిగాను: అల్పసంఖ్యాక నుడుల బడుల్లో ఖాళీలు నింపాలి, ఆ నుడుల్లో పాఠ్యపుస్తకాలు బడి తెరిచేనాటికి చేతికి రావాలి. అక్కడి నాయకుడు మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇప్పించి, "ఇది భాషా సమస్య సార్, దీన్ని తెస్తే ఐక్యత చెడుతుంది" అన్నాడు. నెలల తరబడి పుస్తకం లేకుండా పాఠం చెప్పడం పని పరిస్థితి కాదట, భాషా సమస్య అట! ఇద్దరు చేయవలసిన పని ఒక్కడే చేయడం పని పరిస్థితి కాదట! తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చి, 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ పదికి చేరింది. తమిళం ఒకటో భాగమై కూర్చుంది, తెలుగు చదువుకునే పిల్లవాడికి అతడి సొంత నుడి నాలుగో భాగంలో, ఇష్టమైతే చదువుకో అన్నంత చోటులోకి తోయబడింది. తెలుగు అయివారి పని స్వరూపమే మారిపోయింది. ఏ సంఘమైనా ఒక పూట ధర్నా చేసిందా? పిల్లల తల్లిదండ్రులే కోర్టుల గడపలు ఎక్కారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పదో తరగతి పరీక్షకు మినహాయింపు ఇచ్చిందంటే అది వారి పుణ్యమే. ఐక్యత అంటే మన చందా, మన తలకాయ లెక్కకు రావాలి, మన వాక్యం మాత్రం పట్టీలో ఉండరాదని అర్థమా?

అయినా చెబుతున్నాను, ఆ సంఘాల్లో నుంచి బయటికి రాకూడదు. తెలుగు అయివార్లు విడిగా సమ్మె చేస్తే కదిలేదెవరు? ఏలినవారికి అది తెలియను కూడా తెలియదు. తమిళ అయివారు మన శత్రువు కాడు. 2003లో పొట్ట మీద దెబ్బ తిన్నవారిలో తమిళులే ఎక్కువ. మా పెద్దాయనతో పాటు క్షమాపణ కాగితం మీద సంతకం చేసినవారిలో అరవ పంతుళ్లు ఎందరో ఉన్నారు. వారితో కలిసి కూర్చుంటూనే, మన వాక్యం చేర్చేదాకా ప్రతి సమావేశంలోనూ విసిగించాలి. మనం అడగకపోతే వాళ్లకు గుర్తుకు రాదు. నేను ఒక్కసారే అడిగి, టీ తాగి వచ్చేశాను. అదీ నా తప్పుల పట్టీలోనిదే.

సమ్మెకు వేళ చూడాలన్న మాట కూడా సంఘాలు వినాలి. జూన్, జూలై నెలలు మన బడులకు గండం, అప్పుడే పేర్లు రాయించుకునేది. మార్చి పరీక్షల కాలం. మహారాష్ట్రలో 2023 మార్చి 14 నుంచి 20 దాకా పాత పింఛను కోసం ఉద్యోగులూ ఉపాధ్యాయులూ సమ్మె చేశారు, పన్నెండో తరగతి పిల్లలు పరీక్షలు రాస్తున్న రోజుల్లో. కోరిక న్యాయమైనది, వేళ కాదు. షోలాపురంలోనూ ముంబయిలోనూ తెలుగు బడుల సంగతి చూసే మిత్రులు దీన్ని నాకన్నా బాగా ఎరుగుదురు. బరంపురం, రాయగడ వైపువారూ, కోలారు, బళ్లారి వైపువారూ తమ తమ చోట్ల సంఘాల కోరికల పట్టీలు తెప్పించి, అందులో మన బడుల గురించి ఒక్క వాక్యమైనా ఉందేమో చూసి ఈ పత్రికకు రాస్తే బాగుంటుంది. ఉందని ఒక్కరు రాసినా సంతోషిస్తాను.

ఈ వ్యాసం రాసే ముందు మా పెద్దాయన ఇంటికి పోయాను. డెబ్బై ఆరు దాటినవి, చూపు మందగించింది. ఆనాటి సంగతి ఇరవై రెండేండ్లలో మొదటిసారి నేనుగా ఎత్తి, తప్పు చేశాను అన్నా అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అదంతా ఎందుకులేప్పా. మన ఖాళీల మాట ఈసారన్నా పట్టీలో ఎక్కించినారా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే రాసుకొని పో. ఈసారి టీ తాగొద్దు" అన్నారు.